ఎర్ర డబ్బా కంటే పసుపు బోర్డు గొప్పది

పిల్లలూ, నేను ఉండేది దుబాయ్‌లోని ఇంటర్నేషనల్ సిటీలో. ఇక్కడ ఒక్కో దేశం పేరుతో ఒక్కో క్లస్టర్ ఉంటుంది. ఇంగ్లండ్ క్లస్టర్ పేరు చెప్పి బొమ్మ గీయమంటే పిల్లలు వెంటనే ఎర్ర ఫోన్ డబ్బా గీసేస్తారు. దాన్ని గైల్స్ గిల్బర్ట్ స్కాట్ అనే ఆర్కిటెక్ట్ 1924లో ఒక పోటీ కోసం తయారుచేశాడు. 1935లో ఆయనే చేసిన చిన్న నమూనా ఊరూరా వెలిసింది. పోత ఇనుము, టేకు తలుపు, దూరం నుంచే కనబడే ఎరుపు. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ నన్నడిగితే మన ఊళ్ల ఎస్టీడీ బూత్ దానికంటే తెలివైనది.

ఎస్టీడీ అంటే ఆపరేటర్‌ని అడగకుండా మనమే నంబర్ కొట్టి వేరే ఊరికి మాట్లాడటం. మన దేశంలో అది 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లకి బజారు బజారులో పసుపు బోర్డుల బూత్‌లు వచ్చాయి. కిళ్లీకొట్టు పక్కనో, జిరాక్స్ షాపులోనో చెక్క, అద్దంతో చిన్న గది. లోపల స్టూలు, ఫోను, ఎర్ర అంకెలు వెలిగే మీటరు. మాట్లాడుతుంటే డబ్బులు పెరగడం కళ్లముందే కనిపిస్తుంది. "బాగున్నావా? వానలు పడ్డాయా? సరే, పెట్టేస్తున్నా." అంతే!

లోపల గాలి ఆడదు. ఫ్యానేమో బయట ఓనర్ నెత్తిమీద తిరుగుతుంది! బూత్‌లు ఇవ్వడంలో దివ్యాంగులకి ప్రాధాన్యం ఇచ్చేవారు, మంచిదే. కానీ చక్రాల కుర్చీ ఆ గదిలో పట్టదు.

మరి గొప్పేంటి? అక్కడ ఒక మనిషి కూర్చుని ఉంటాడు. చదువురాని అవ్వ చీటీ చూపిస్తే నంబర్ ఆయనే కొట్టిపెడతాడు. కోనసీమ నుంచి, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కి వచ్చినవాళ్లలో చాలామందికి అప్పట్లో ఇంట్లో ఫోన్ లేదు. వాళ్లు బూత్‌కే ఫోన్ చేసి, "మా అమ్మని పిలవండి, పది నిమిషాల్లో మళ్లీ చేస్తా" అనేవారు. బూత్ ఆయన ఒక కుర్రాణ్ణి పరిగెత్తించేవాడు. ఆ అమ్మ పని వదిలేసి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చేది. ఎర్ర డబ్బా ఎంత అందమైనదైనా ఎవర్నీ పిలుచుకురాలేదు కదా.

ఇప్పుడు ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు, బోటిమ్ వాడతాం. అమ్మమ్మ ముఖం కూడా కనిపిస్తుంది. అయినా మీరు "హాయ్ అమ్మమ్మా, బై" అని ఫోన్ అమ్మకి ఇచ్చేస్తారు. తప్పంతా మీది కాదు. ఒకపక్క టీవీ, ఒకపక్క కుక్కర్ విజిల్, మాట్లాడటానికి చోటేదీ?

అందుకే ఇంట్లో ఒక మూల బూత్ చెయ్యండి. స్టూలు, కర్టెన్ చాలు. స్టూడియో ఫ్లాట్‌లో కూడా అంత చోటు దొరుకుతుంది. మీకు తెలుగు మాట తట్టకపోతే అందించడానికి అమ్మనో నాన్ననో ఓనర్‌లా పక్కన కూర్చోబెట్టండి.

పసుపు బోర్డు రాసేముందు, వాళ్లు చిన్నప్పుడు బట్టీపట్టిన ఫోన్ నంబర్ అడగండి. 0883 అయితే రాజమండ్రి, 0866 అయితే విజయవాడ, 040 అయితే హైదరాబాద్.