అమ్మీ పెదాలకు రంగు పూసిందెవరు?

పోయిన నెల కడపలో మా ఆపా కూతురి షాదీ పనులు నడుస్తున్నప్పటి మాట ఇది. మెహందీ రాత్రికి ఎట్లా తయారవ్వాలన్న దాని మీద ఇంట్లో పెద్ద బహస్. పిల్ల ఒకటే పట్టు పట్టింది. "నాకు నానీ లుక్ కావాలి ఖాలా. అచ్చం ఈ ఫోటోలో ఉన్నట్టే ఉండాలి."

ఆ ఫోటో 1969 నాటిది. నికాహ్ అయిన వారానికి అమ్మీ, అబ్బా కడపలోనే ఒక స్టూడియోకి పోయి తీయించుకున్నది. అమ్మీ కుర్చీలో కూర్చుని ఉంటుంది, అబ్బా పక్కన నిలబడి ఉంటారు. అమ్మీకి ఆకుపచ్చ చీర, గులాబీ బుగ్గలు, ఎర్రటి పెదాలు. ట్రయల్ కోసం వచ్చిన బ్యూటీషియన్ ఫోటో చూసి వెంటనే లెక్క చెప్పేసింది. పెదాలకు ఎర్ర లిప్‌స్టిక్, బుగ్గలకు పింక్ బ్లష్, కళ్లకు పొడుగు లైనర్, జుట్టుకు పఫ్. "సిక్స్‌టీస్ లుక్ నాకు బాగా వచ్చు మేడమ్" అంది.

మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న అమ్మీ ఫోటో ఇటు ఇమ్మంది. అద్దాలు సర్దుకుని చూసింది. చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"మైఁ కబ్ లాలీ లగాయీ రే? వో ఫోటోవాలా లగాయా!"

తాను ఏ రంగూ పూసుకోలేదంట. ఫోటో తీసినాయనే పూసినాడంట. చీర కూడా ఆకుపచ్చ కాదు, వంకాయ రంగు. పిల్ల మొహం చూడాల్సింది అప్పుడు. నా మొహం కూడా అట్లాగే ఉండి ఉంటుంది. ఎందుకంటే నలభై ఏళ్లు దాటిన దాన్ని, పేపర్లో పనిచేసే దాన్ని, చిన్నప్పటి నుంచి ఆ ఫోటో చూస్తూ "మా అమ్మీ ఆ జమానాలోనే లిప్‌స్టిక్ వేసుకుంది" అని చెప్పుకుని తిరిగినదాన్ని.

సంగతి ఏమిటంటే, అప్పట్లో మన ఊళ్ల స్టూడియోల్లో తీసేది బ్లాక్ అండ్ వైట్ ఫోటోలే. కలర్ కావాలంటే, ప్రింట్ వేసిన తర్వాత కుంచెతో, దూదితో పల్చటి రంగులు అద్దేవాళ్లు. నెగెటివ్ మీద పెన్సిల్ పెట్టి మచ్చలు, గీతలు సరిచేసేవాళ్లు. దులహన్ ఫోటో అంటే బుగ్గకు గులాబీ, పెదవికి ఎరుపు ఖాయం. చీర ఏ రంగుదో ఫోటోగ్రాఫర్‌కు యాద్ లేకపోతే చేతికి దొరికిన రంగు వేసేవాడు. అది మోసం కాదు, ఆయన హునర్. కానీ యాభై ఏళ్ల తర్వాత ఆ కుంచె రంగునే మనం చరిత్ర అనుకుని, దానికి నఖల్ చేయించుకోవడానికి డబ్బులిస్తున్నాం.

రంగు అద్దని ఫోటోలదీ అదే కథ. బూడిద రంగు చూసి అసలు రంగు చెప్పడం ఎవరి వల్లా కాదు. 1957 నాటి 'మాయాబజార్'ను 2010లో కలర్‌లోకి మార్చినప్పుడు, ప్రతి చీరకూ ప్రతి నగకూ ఎవరో ఒకరు కూర్చుని రంగు నిర్ణయించాల్సి వచ్చింది. మన ఇంటి ఫోటోల విషయంలో ఆ పని చేయగలిగినవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. అసలు నేను చెప్పదలుచుకున్నది ఇదే. నానీ లుక్ కావాలనుకునే పిల్లలు బ్యూటీషియన్ కంటే ముందు నానీని అడగాలి.

ఇప్పుడు షాదీల్లో రెట్రో మోజు బాగా ఉంది. 2024లో 'హీరామండీ' వచ్చాక మరీ ఎక్కువైంది. కర్నూలులో అయినా, నంద్యాలలో అయినా, ప్రొద్దుటూరులో అయినా మెహందీ రాత్రికి పోతే ఇద్దరు ముగ్గురు పిల్లలు ఝూమర్ పెట్టుకుని, కాటుక సాగదీసుకుని కనిపిస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటారు, మాషా అల్లా. శౌక్‌గా చేసుకుంటే నాకేం ఏతరాజ్ లేదు. కానీ అది లాహోర్ కోఠీల కథ మీద సంజయ్ లీలా భన్సాలీ ఊహించి అల్లిన సింగార్. దాన్ని "మన బుజుర్గుల లుక్" అని కింద రాసుకున్నప్పుడే నాకు ఇబ్బంది.

మన తరం చేసిందీ ఇదే అనుకోండి. ముస్లిం ఇల్లంటే మనకు సినిమాల్లోని లక్నోనే. 1960లో 'చౌద్‌వీఁ కా చాంద్', 1963లో 'మేరే మెహబూబ్', 1972లో 'పాకీజా'. 'రోజులు మారాయి'లో తెలుగువాళ్లు మొదట చూసిన వహీదా రెహమాన్, ఐదేళ్లకే లక్నో బేగం అయిపోయింది. ఆ మొహాల మీది మేకప్ ఇంట్లో వేసుకునేది కాదు. స్టూడియో లైట్ల వేడికి, ఫిల్మ్ రంగుకు సరిపోయేట్టు తయారైంది. టెక్నికలర్ సినిమాల కోసం 1930ల చివర్లో అమెరికాలో మాక్స్ ఫ్యాక్టర్ తెచ్చిన పాన్‌కేక్ లాంటి సరుకు అది. నుదుటి మీద జుట్టు పడే సాధనా కట్ కూడా 'లవ్ ఇన్ సిమ్లా' కోసం, హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్‌ను చూసి చేసింది. అంటే మనం నఖల్ చేస్తున్న బొమ్మ కూడా ఇంకొకరి నఖలే.

మరి 1969లో కడపలో ఒక దులహన్ మొహం ఎట్లా ఉండేది? ఆ రోజు సాయంత్రం ఫోన్ రికార్డర్ ఆన్ చేసి అమ్మీ పక్కన కూర్చున్నా. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

అద్దం పక్కన గూట్లో నాలుగు వస్తువులు ఉండేవంట. అఫ్ఘాన్ స్నో సీసా, క్యూటికూరా పౌడర్ డబ్బా, సుర్మాదాని, వేలెడంత అత్తర్ సీసా. అఫ్ఘాన్ స్నో పేరు వినగానే మీ ఇళ్లలో పెద్దవాళ్ల మొహాలు వెలిగిపోతాయి, అడిగి చూడండి. అది కాబూల్ నుంచి వచ్చింది కాదు. ఇబ్రహీం సుల్తానలీ పటన్‌వాలా అనే ముస్లిం వ్యాపారి 1919లో బొంబాయిలో మొదలుపెట్టింది. లాక్మే 1952 నుంచే ఉంది. కానీ అంగట్లో ఉండడం వేరు, మన గూట్లో ఉండడం వేరు.

మాంఝాకు కూర్చోబెట్టినప్పటి నుంచి పసుపు, సందల్. మెహందీ అంటే ఆకు కోసుకొచ్చి రాతి మీద నూరిందే. కోన్ లేదు, అరబిక్ డిజైన్ లేదు. అరచేతి నడుమ ఒక గుండ్రటి బిళ్ల, పది వేళ్లకూ టోపీల్లాగా నిండుగా, కాళ్లకు అంచు. అంతే. కంటికి సలాయితో సుర్మా. కనుబొమలు అల్లా ఇచ్చినవి ఇచ్చినట్టే ఉండేవి. తలకు నూనె, బిగించిన జడ, పైన మొల్లలు, కనకాంబరాలు. మొహానికి స్నో, దాని మీద పౌడర్. పౌడర్ మెడ దగ్గర తెల్లగా తెలిసిపోయేది. అట్లా తెలియడం తప్పు కాదు, పౌడర్ వేసుకున్నారని నలుగురికీ తెలియాలనే వేసుకునేది. పెదాలకు పాన్. "స్టూడియోకి పోయేసరికి అది కూడా పోయింది" అని అమ్మీ మళ్లీ నవ్వింది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో చెప్పింది. ఇంత సింగార్ చేసి, పైన ఎర్ర ఓఢ్నీ కప్పి, పూల సెహరా కట్టేవాళ్లు. జల్వాలో అద్దం పెట్టి చూపించేదాకా ఆ మొహాన్ని ఎవరూ నిండుగా చూసేది లేదు. అంటే ఆ సింగార్ కెమెరా కోసం కాదు. ఇప్పుడు మనం మొత్తం కెమెరా కోసమే చేస్తున్నాం. ఈ ఒక్క తేడా తెలియకుండా ఎంత ఖరీదైన రెట్రో లుక్ వేసినా అది వేషమే అవుతుంది.

నేను "మిస్సీ పెట్టుకున్నావా?" అని అడిగా. కరక్కాయ, అన్నభేది లాంటివి నూరి చేసే నల్లటి పొడి అది. దానితో పళ్ల సందులు, చిగుళ్లు నల్లబడేవి. మా నానీమా పెట్టుకునేదంట. అమ్మీ మాత్రం పెట్టుకోనని ఏడ్చి గోల చేసిందంట. సినిమాల్లో హీరోయిన్లకు పళ్లు తెల్లగా ఉన్నాయి కదా అని! అప్పుడు నానీమా అలిగి రెండు రోజులు మాట్లాడలేదంట. చూశారా, 1969 దులహన్ కూడా సినిమా చూసి అమ్మీ మాట కాదన్నదే. "పాత జమానా" అని ఒకటే ముద్ద ఏమీ లేదు. ప్రతి తరం తన ముందు తరంలో కొంత తీసుకుని కొంత వదిలేసింది. ఏది ఎవరు ఎందుకు వదిలేశారో తెలుసుకోవడమే అసలు కథ.

ఇదంతా అమ్మీ నోటి నుంచే ఎందుకు వినాల్సి వచ్చిందో కర్నూలు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ మీద పడ్డప్పుడు పాతబస్తీ మొత్తం నీళ్లలో ఉంది. మేం ప్రాణాలు చేత పట్టుకుని మిద్దెలెక్కాం. నీళ్లు తీశాక బీరువా తెరిస్తే ఆల్బమ్‌లు ఒకదానికొకటి అతుక్కుని బురద ఇటుకల్లా ఉన్నాయి. ఈ ఒక్క ఫోటో కడపలో చిన్నఖాలా దగ్గర ఉండబట్టి మిగిలింది. ఎన్ని ఖాందాన్‌ల షాదీ తస్వీర్లు ఆ వారంలో చెత్త బండ్లలోకి పోయాయో అల్లాకే తెలుసు. ఆ ఇళ్లకు ఇప్పుడు గవాహి ఇవ్వగలిగింది మంచం మీద ఉన్న నానీలు, దాదీలే.

అసలు ఫోటోనే దిగని ఇళ్ల సంగతి? బీడీలు చుట్టినవాళ్లు, బండల పనికి పోయినవాళ్లు, దూది ఏకినవాళ్లు. స్టూడియోకి పోయి కుర్చీలో కూర్చునే స్తోమత వాళ్లకెక్కడిది? మా వీధిలో ఒక బుజుర్గ్ ఖాలాను అడిగితే, "మాకు స్నో ఎక్కడిది బేటీ? పసుపు, సుర్మా, మెహందీ, అంతే. పూలు కూడా పక్కింటి రెడ్డెమ్మ ఇచ్చింది" అంది. అది కూడా మన చరిత్రే. వింటేజ్ లుక్ అంటూ నవాబుల హవేలీ వేషం వేసుకున్న ప్రతిసారీ ఈ ఖాలాను ఇంకొంచెం వెనక్కి తోసేస్తున్నాం. నవాబుల ఇళ్లు ఎన్ని? పక్కింటి పూలతో దులహన్‌లైన ఇళ్లు ఎన్ని? రాయలసీమలో పుట్టినవాళ్లం, ఈ హిసాబ్ మనకు తెలియంది కాదు.

పాతదంతా బంగారమని నేననడం లేదు. పాతదాన్ని సచ్చాయితో చూడాలంటే దాని ఐబులు కూడా చెప్పాలి. సుర్మా సున్నత్ అని వాడతాం. హదీసుల్లో ఉన్నది ఇస్మిద్. బజారులో రాయి పేరుతో అమ్మే సుర్మాల్లో చాలావాటిలో ఉండేది సీసం. అది పసిపిల్లలకు మరీ ప్రమాదం. అసలైన లుక్ కోసమని నాటి సుర్మాదాని దులిపి కళ్లకు పెట్టకండి. మిస్సీ పళ్లకు రుద్దకండి. ఇక తొందరగా నల్లగా పండాలని ఇప్పుడు పెట్టే బ్లాక్ కోన్లలో కలిసే పీపీడీ అనే రసాయనం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం రాతి మీద నూరిన ఆకే మేలు.

రెండో ఐబు తెల్లదనం పిచ్చి. స్నో ఎందుకు పూసేవాళ్లు? పిల్ల గోరీగా కనిపించాలని. అమ్మీది చామనఛాయ. ఆ స్టూడియో ఆయన కుంచెతో ఆమె మొహాన్ని రెండు ఛాయలు తెల్లగా చేశాడు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది, 2020లో దాని పేరులో ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. రిష్తా చూడ్డానికి వచ్చినవాళ్ల నోట్లో మాత్రం పేరు మారలేదు. మా పిల్లకు అమ్మీ రంగే వచ్చింది. "నానీ లుక్" అని ఆ ఫోటోను దించితే, నానీ మొహం మీద జరిగిన జుల్మ్‌ను మనవరాలి మొహం మీద మళ్లీ చేసినట్టే కదా?

ఇంత చిన్నదానికి ఇంత లెక్చరా అని కొందరు అంటారు. షాదీల్లో ఖర్చులు తగ్గించమని రాయాల్సింది పోయి సింగార్ మీద రాస్తావా అని ఇంకొందరు అంటారు. ఖర్చు సంగతే చెబుతున్నా వినండి. అమ్మీ చెప్పిన లుక్‌కు మాకైన ఖర్చు ఆకు, పూలు, పాన్. బ్యూటీషియన్‌కు అడ్వాన్స్ ఇచ్చేశాం కాబట్టి ఆమెను పెద్దవాళ్ల జడలు వేయమన్నాం.

మెహందీ రాత్రి అమ్మీ స్వయంగా నూరుతానంది. చేతులు వణుకుతున్నాయి, సగం నూరి నాకిచ్చింది. పిల్ల వేళ్లకు టోపీలు పెట్టి, అరచేతిలో బిళ్ల పెట్టింది. బిళ్ల వంకరగా వచ్చింది. పిల్ల సరిచేయనివ్వలేదు. మొహానికి దాని సొంత రంగే, కంటికి మంచి కంపెనీ కాటుక, పెదాలకు పాన్. వంకాయ రంగు చీర కోసం ఆపా మూడు అంగళ్లు తిరిగింది.

ఈ జుమ్మా నాడు భోజనాలయ్యాక మీ ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డర్ నొక్కి పక్కన పెట్టండి. నీ షాదీ రోజు చీర రంగేంటి, గూట్లో ఏమేం ఉండేవి, మొహానికి ఎవరు తయారు చేశారు అని అడగండి. ఫోటో ఉంటే వెనక సంవత్సరం, అసలు రంగులు రాసి పెట్టండి. మేం మా ఫోటో వెనక రాశాం: "1969, కడప. చీర వంకాయ రంగు. పెదాల రంగు ఫోటోవాలాది."