మామయ్యగారి రైఫిలు ఖరీదు

ఇంట్లో పెద్దాయన పోయాక పొలానికీ, ఇంటికీ, బంగారానికీ వెల కట్టడం కష్టమేమీ కాదు. రిజిస్ట్రారు కచేరీ వుంది, కంసాలి వున్నాడు. చిక్కల్లా తుపాకితోనే. దాన్ని సంతలో పెట్టి బేరమాడడానికి వీల్లేదు. అంచేత ఎవరి నోటికి ఏ అంకె వస్తే అదే ధర. 2022లో మా నర్సీపట్నం మామయ్యగారు పోయినప్పుడు ఆయన వేట రైఫిలుకి సరిగ్గా ఈ గతే పట్టింది.

హైదరాబాదులో వుండే పెద్దబావ, లండన్‌లో హాలండ్ అండ్ హాలండ్ వారి రైఫిళ్లు లక్షలు పలుకుతాయని ఎక్కడో చదివాడు. "నాన్నగారిదీ ఇంగ్లండు సరుకే కదా, తక్కువేమిటి?" అంటాడు. ఊళ్లో వ్యవసాయం చూసుకునే చిన్నబావ దాన్ని తన పేర మార్పించుకుందామని చూస్తున్నాడు. దాని ధర ఎంత పెరిగితే అతని వాటా పొలం అంత తరుగుతుంది. అందుకని "తుప్పు పట్టిన ఇనుము, పాత సామాన్లవాడు కూడా ముట్టుకోడు" అంటాడు. కర్ర తుపాకి భుజాన వేసుకుని పిట్టలదొర కోసే కోతలు మీరూ వినే వుంటారు. మా బావలిద్దరి ముందు అతను దిగదుడుపే. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకేం తెలుసునయ్యా అంటే, "నువ్వు ఎవరి పక్షమూ కాదు, అది చాలు" అని నన్ను మధ్యన కూర్చోబెట్టారు.

అప్పటికే రైఫిలు విశాఖపట్నంలో లైసెన్సు వున్న తుపాకుల షాపులో వుంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం, లైసెన్సుదారు పోయాక ఆయుధాన్ని ఇంట్లో అట్టే పెట్టుకోకూడదు. ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్లోనో, అలాంటి షాపులోనో అప్పగించాలి. వారసుడు లైసెన్సు తెచ్చుకుని విడిపించుకోవచ్చు, లేదా లైసెన్సున్న మరొకరికి అమ్మవచ్చు. గడువులోగా ఏదీ చేయకపోతే అది సర్కారు పాలు. అన్నదమ్ములు పంతాలు పోతూ కాలం గడిపితే చివరికి దక్కేది సున్న అని ముందు నేను చెప్పిన మాట ఇదే.

షాపు ముసలాయన నిదానస్తుడు. బోల్టు వూడదీసి, గొట్టాన్ని వెలుతురుకి పెట్టి లోపలికి చూశాడు. రైఫిలుకి ప్రాణం ఆ లోపలి మెలికల గాడులేనట. అవి పదునుగా, మచ్చ లేకుండా వుంటే సగం ధర వచ్చినట్టే. మామయ్యగారు ఆ విషయంలో శ్రద్ధగల మనిషి. లోపల అద్దంలా వుంది. బయట సంగతే వేరు. ఏటా ఆయుధ పూజకి రాసిన పసుపూ కుంకుమా, కడగబోసిన కొబ్బరినీళ్లూ ఇనుముని మచ్చలు చేశాయి. ఒక దసరాకి ఎవరో ముచ్చటపడి గరుకు కాగితంతో రుద్ది, కర్ర భాగానికి తలుపుల వార్నీషు పూశారు. గొట్టం మీద పరీక్ష ముద్రలు సగం అరిగిపోయాయి. "కొత్తగా మెరిపించిన పాత తుపాకి కంటే మాసిన పాత తుపాకికే ధర ఎక్కువండీ" అన్నాడాయన. ఈ మాట పాత ఇత్తడి గంగాళాలు తోమించేవారు కూడా వినదగ్గదే.

ముద్ర చూస్తే మూడు రైఫిళ్లు ఒకదానికొకటి ఆనించిన గుర్తు. బర్మింగ్‌హామ్ బి.యస్.ఏ. కంపెనీ. మన తాతలు తొక్కిన సైకిళ్లు చేసిన కంపెనీయే. పెద్దబావ ముఖం కాస్త వాడింది. హాలండ్ వారు దొరలకీ మహారాజులకీ కొలతలు తీసి చేసిచ్చేవారు, వీరు నలుగురికీ అందేలా చేసేవారు. అయితే దాని బోరు .315 కావడం అదృష్టం. సైన్యం వాడే .303 తూటాలు జనం చేతికి రాకూడదని ఇంగ్లీషువాళ్ల కట్టడి. అందుకే ఇక్కడి వేటగాళ్లకి ఈ వేరే బోరు వాడుకలోకి వచ్చింది. తరవాత బెంగాలులో ఇషాపూర్ ఫ్యాక్టరీ కూడా ఇదే బోరులో రైఫిళ్లు చేసింది, కనుక తూటాలు దొరుకుతాయి. తూటా దొరకని తుపాకి గోడకి అలంకారమే.

పైగా 1980ల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో పాతవాటికి ఇక్కడ గిరాకీ పెరిగింది. 2019లో చట్టం మారి మనిషికి మూడు తుపాకుల బదులు రెండే అన్నప్పుడు, మూడోది వదిలించుకునేవాళ్లు బజారుకి వచ్చారు. 1972 వన్యప్రాణి చట్టం తరవాత వేట అన్న మాటే లేదు. ఇక కొనేదెవరు?

"నాన్నగారు పులిని కొట్టారు, ఆ ఖ్యాతికి ధర లేదా?" అన్నాడు పెద్దబావ ఆఖరి అస్త్రంగా. వుంటుంది, కాగితం వుంటే. 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కి రిగ్బీ రైఫిలు బహుమతిగా ఇచ్చారు. ఆ సంగతి చెక్కిన వెండి రేకు దానికి వుంది. మామయ్యగారి పులికి సాక్షి ఆయనొక్కరే. చెరుకుతోటలో పడ్డ అడవి పందులకి మాత్రం ఊరంతా సాక్ష్యం.

ముసలాయన చెప్పిన ధర పెద్దబావ అంకెలో అయిదో వంతు, చిన్నబావ అంకెకి ఎన్నో రెట్లు. ఇద్దరూ మూతి ముడిచారు గనుక అది న్యాయమైన ధరేనని నాకు తోచింది.

ఇంటికి వచ్చి కాగితం మీద వాటాలు రాస్తుంటే, అంతవరకూ పలకని అత్తయ్య వచ్చి కూర్చుంది. "అల్లుడూ, అది మీ మామయ్య కొన్నది కాదురా. 1961లో విశాఖపట్నంలో దొర వెళ్లిపోతూ అమ్ముతుంటే, నా కాసులపేరు అమ్మి తెచ్చాడు. పంట రాగానే చేయిస్తానన్నాడు" అంది.

ఆ కాసులపేరు ఎన్ని తులాలని అడిగాను. చెప్పింది. నేటి బంగారం ధరతో గుణిస్తే ముసలాయన చెప్పిన మొత్తం దానికి ఏ మూలకీ చాలదు. బావలిద్దరూ తలలు వంచుకున్నారు. పెన్సిలుతో రాసిన వాటాలు కొట్టేశాను. చిన్నబావ లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. రైఫిలు ధర మొత్తం అతను అత్తయ్య పేర బ్యాంకులో వేశాడు. తక్కువ పడ్డది తాను ఇస్తానని పెద్దబావ అన్నాడు. అందులో సగం ఇచ్చాడు, తక్కినది సంక్రాంతికి అన్నాడు.