కూలిన వేప వంటచెఱకు కానేల?

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడి, వీధులలోను పెరళ్ళలోను నీడనిచ్చుచుండిన అసంఖ్యాక వృక్షములను నేలకూల్చినపుడు, చేవదేరిన వేపమ్రాకులు సైతము తునకలై బండ్లకెక్కి పోవుట చూచి నా మనస్సు మిక్కిలి వ్యాకులపడినది.

పూర్వము ఒకడు గోతిలోను ఒకడు దుంగపైనను నిలిచి పెద్దరంపముతో దినములతరబడి లాగి తీసిన పలకలను, నేడు చైన్‌సాకు లోహపు చట్రమును బిగించి, తొలికోతకు దుంగమీద నిచ్చెనవంటి తిన్నని ఆధారము నమర్చి, పెరటిలోనే కోసికొనవచ్చును. అడ్డకోతకు వాడు గొలుసు దీనికి నప్పదు. పండ్లను సుమారు 10 డిగ్రీల కోణమున సానబట్టవలెను. ప్రతికోతకును ఇంచుమించు ఒక సెంటీమీటరు కలప పొట్టై పోవుట నిజమే. ఐనను లారీకెక్కని మహావృక్షమునకు వేఱు మార్గమేది? కన్నులకు, చెవులకు, కాళ్ళకు తగిన రక్షణయు, నేర్పరియైన వాని తోడును లేక ఈ యంత్రమును ముట్టరాదు.

కోయుటకన్న వేచియుండుట కష్టతరము. పలకల కొనలకు రంగుపూసి, వరుసల నడుమ సన్నని బద్దలుంచి, ఎండసోకక గాలియాడు చోట పేర్చినచో, అంగుళము మందమునకు సుమారొక యేడు చొప్పున ఆరును. త్వరపడి చేసిన బల్ల వంగును, పగులును.

కావున పురపాలక సంఘములు కూలిన చెట్టును ముక్కలు చేయుటకు ముందు ఆ యింటివారి నొక్కమాట యడిగి, మొదలును 8 అడుగులకు తగ్గకుండ విడిచిపెట్టవలెనని నా విన్నపము. ద్వారబంధమునకు అంత నిడివియైన కావలయును గదా.