గడప దాటే రంగులు

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, రంగులు వేయించి చూడమనడం మరిచారు కాబోలు. వాళ్ళకు ఆ బెడద లేదు మరి! లోపలా బయటా ఒకటే సున్నం, అరుగు అంచుకూ గోడ అడుక్కూ ఒకటే జాజు. ఈనాడు రంగుల కొట్టుకు పోతే వందల రంగుల పట్టీ చేతికిస్తారు. గదికొకటి, వీధిగోడకు రెండూ ఎంచుకుని వస్తాం. తీరా చూస్తే ఒకే ఇంట్లో నాలుగు వేరు కాపురాలున్నట్టుంటుంది.

మొన్న ఒక మిత్రుడు అలాంటి పట్టీతోనే వచ్చి సలహా అడిగారు. అప్పుచేసి కట్టిన ఇల్లు. ఒకసారి వేస్తే మళ్ళీ ఏడెనిమిదేళ్ళు ఆ రంగులతోనే కాపురం. అందుచేత నవ్వి ఊరుకోలేక, ఫాలింగ్‌వాటర్ సంగతి చెప్పాను.

అమెరికాలో పెన్సిల్వేనియా అడవిలో, జలపాతం మీద, 1936-37లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కాఫ్‌మన్ కుటుంబానికి కట్టిన ఇల్లది. 1964 నుంచి జనం వెళ్ళి చూస్తున్నారు. అంత ఇంటికీ ఆయన ఎన్నుకున్న రంగులు రెండే: కాంక్రీటుకు లేత పసుపుమట్టి వన్నె, కిటికీల ఉక్కు చట్రాలకు తుప్పును పోలిన ఎరుపు. మొదట కాంక్రీటుకు బంగారురేకు తాపుదామన్నాడు, ఇంటాయన ఒప్పుకోలేదు. మంచిపనే చేశాడు!

రెండే అయితే వెలితిగా ఉండదా అంటారా? తక్కిన పనంతా రాయి చూసుకుంది. అక్కడే తవ్విన ఇసుకరాయితో గోడలు లేపారు. గదిలో పరిచిన బండలే తలుపు దాటి బయటి డాబా మీదికి సాగుతాయి. కొన్నిచోట్ల అద్దాన్ని చట్రం లేకుండా రాతిగోడలోకే దూర్చారు. లోపలి బండలు మైనపు మెరుగుతో ఏటినీటిలా తళతళలాడతాయి. చలిమంట పొయ్యి దగ్గరున్న కొండరాయికి మాత్రం మైనం రాయక, నీటిలోంచి పైకి తేలినట్టు వదిలేశారు. లోపలినీ బయటినీ కలిపింది ముందు నేల. రంగు దాని మాట విన్నది, అంతే.

మనకు జలపాతం అక్కర్లేదు. వసారాలో తాండూరు బండ పరిస్తే హాల్లోకీ దాన్నే రానివ్వండి. ఆ బండ పక్కన పెట్టి చూసే గోడరంగు ఎంచండి. తలుపులకూ, కిటికీ ఊచలకూ, గేటుకూ కలిపి ఇంకొక్కటి చాలు. పట్టీని నమ్మకండి. ఒకటే రంగు ఎండలో వెలవెలబోతుంది, గదిలో ముదురుతుంది. లోపలా బయటా మూరెడు మేర పూయించి, పొద్దున, మిట్టమధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూసి ఖాయం చెయ్యండి. అవసరమైతే బయటికి ఒక పాలు ముదురు వేయండి.

ఇంతకీ, లోపలికీ బయటికీ నడుమనున్న గడపకు మన ఆడవాళ్ళు ఏనాటినుంచో పెడుతున్నవీ రెండే: పసుపు, ఎరుపు.