ఏఐ ప్రాజెక్టు సరే.. గ్రిడ్ సంగతి తెలుసా?

ట్రిపుల్‌ఈ ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఈమధ్య బాగా వినిపిస్తున్న టైటిల్.. పవర్ సిస్టమ్ స్టెబిలిటీకి న్యూరల్ నెట్‌వర్క్ కంట్రోలర్. కోడ్ ఎక్కడినుంచో వస్తుంది, గ్రాఫులు బాగుంటాయి, వైవా గట్టెక్కుతుంది. ఇంటర్వ్యూలో ‘పాత స్టెబిలైజర్‌తో వచ్చిన ఇబ్బందేంటి?’ అని అడిగితే మాత్రం నోరు పెగలదు.

అనంతపురం విద్యార్థులకు ఆ జవాబు ఊరి పక్కనే ఉంది. వానలు మొహం చాటేసే ఈ నేలలో ఎండకూ గాలికీ కొదవలేదు. రామగిరి కొండల మీద గాలిమరలు తొంభైల్లోనే వచ్చాయి. ఉమ్మడి జిల్లాలోని ఎన్‌పీ కుంట సోలార్ పార్కులో ఒక్క ఎన్టీపీసీ ప్లాంటే 250 మెగావాట్లు. ఆ కరెంటును బయటికి పంపడానికి పవర్‌గ్రిడ్ 400 కేవీ సబ్‌స్టేషన్ కట్టింది.

చిక్కల్లా ఇక్కడే. థర్మల్ జనరేటర్‌లో టన్నుల బరువున్న రోటర్ తిరుగుతుంటుంది. ఎక్కడైనా యూనిట్ ట్రిప్పయితే, ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా పడిపోకుండా ఆ బరువే కాస్తుంది. సోలార్ ప్యానెల్‌లో తిరిగేదేమీ లేదు. మబ్బు కమ్మితే ఉత్పత్తి నిమిషాల్లో జారిపోతుంది. పాత స్టెబిలైజర్‌ను ఒక లోడు పరిస్థితికి లెక్కగట్టి సెట్ చేస్తారు. పరిస్థితి బాగా మారితే దాని పట్టు తగ్గుతుంది. న్యూరల్ నెట్‌వర్క్ రకరకాల పరిస్థితుల నుంచి నేర్చుకుని స్పందన మార్చుకోగలదు.

మరి అన్నిచోట్లా ఎందుకు పెట్టేయట్లేదు? శిక్షణలో చూడని ఫాల్ట్ ఎదురైతే అదేం చేస్తుందో ముందే గ్యారంటీగా చెప్పడం కష్టం. ఫోన్‌లో సినిమా సిఫార్సు తప్పితే ఓ సాయంత్రం పోతుంది. గ్రిడ్ తప్పితే? 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. 60 కోట్ల మంది ఉండే ప్రాంతాల్లో కరెంటు పోయింది. అప్పుడు దక్షిణాది గ్రిడ్ వేరు కాబట్టి మనం తప్పించుకున్నాం. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో మనమూ అందులో కలిశాం. 2025 ఏప్రిల్ 28న వోల్టేజీ అదుపు తప్పి స్పెయిన్, పోర్చుగల్ చీకటయ్యాయి.

నా మాట ఒక్కటే. నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చేవాళ్లు బోలెడు మంది దొరుకుతారు. అది ఎక్కడ బోల్తా పడుతుందో పట్టుకోవాలంటే కరెంటు తెలిసినవాళ్లే కావాలి. ఆ చదువు చేతిలో పెట్టుకుని, దాన్ని అటకెక్కించి బెంగళూరు బస్సెక్కడం ఎందుకు?

ముందు స్వింగ్ ఈక్వేషన్, ఐగెన్ వాల్యూలు గట్టి చేసుకోండి. గేట్‌కూ అవే పనికొస్తాయి. గేట్ స్కోరుతో ట్రైనీలను తీసుకునే పవర్‌గ్రిడ్ లాంటి సంస్థలకూ అదే దారి. ప్రభా కుందూర్ పుస్తకంలోని రెండు ఏరియాల, నాలుగు జనరేటర్ల సిస్టమ్ తీసుకోండి. పైథాన్‌లో నడిచే ఆండీస్ ఉచితమే. మొదట పాత స్టెబిలైజర్‌తో, తర్వాత మీ నెట్‌వర్క్‌తో నడిపి చూడండి. ఆపైన శిక్షణలో లేని ఫాల్ట్ ఇవ్వండి. నెట్‌వర్క్ ఓడిపోతే ఆ గ్రాఫ్ దాచకండి, ఎందుకు ఓడిందో రిపోర్టులో రాయండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని మాట్లాడించేది ఆ పేజీనే.