సన్మానాలు సరే, మైదానం ఏదీ?

నార్వే దర్శకురాలు ఆన్ సెవిట్‌స్కీ 2018లో తీసిన ‘సోన్యా’ సినిమా చూశాను. మంచు మీద స్కేటింగ్‌లో 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో వరసగా మూడు స్వర్ణాలు గెలిచి, ఆ తర్వాత హాలీవుడ్ తార అయిన సోన్యా హెనీ కథ అది. ఆమె డబ్బు యావనూ, తాగుడునూ, అహాన్నీ సినిమా దాచదు. గెలిచిన స్త్రీని దేవతను చేయడమో, కాస్త తడబడితే తిట్టిపోయడమో తప్ప మనిషిగా చూడటం మనకింకా అలవాటు కాలేదు. అందుకే నాకా సినిమా నచ్చింది.

మనకూ 1991లో ‘అశ్విని’ వచ్చింది. పరుగుల క్రీడాకారిణి అశ్విని నాచప్పే అందులో నాయిక. అయితే క్రీడాకారుల మీద వచ్చే సినిమాల్లో సాధారణంగా ఒక్క మనిషి పట్టుదలే కథ. ఆ ఒక్కరి గెలుపుకి చప్పట్లు కొడతాం. మిగతా ఆడపిల్లలు మైదానం దాకా ఎందుకు రాలేకపోయారని అడగం.

2025 నవంబర్ 2న నవీ ముంబయిలో భారత మహిళలు క్రికెట్ ప్రపంచకప్ గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి ఉంది. టోర్నీలో 14 వికెట్లు తీసింది. రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, వెయ్యి గజాల ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. సంతోషమే, అది ఆమె కష్టార్జితం. మరి 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం తెచ్చిన కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ పేరు మనలో ఎందరికి గుర్తుంది?

కర్నూలు పడమటి పల్లెల్లో తిరిగినప్పుడు ఒక తల్లి నాతో అంది: “నా బిడ్డ బాగా ఉరుకుతుందమ్మా. అయితే ఏం? సుగ్గికి పోయేటప్పుడు ఎవరి దగ్గర ఇడిసిపెట్టేది?” వానలు లేక, పనులు లేక ఏటా గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు వలసపోయే కుటుంబం అది. చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఆ పిల్ల కూడా బడి మానేసి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి పోటీలూ, పరీక్షలూ అయిపోతాయి. ఇక పెద్దమనిషి అయితే ఆటే కాదు, వాకిలి దాటడమే కష్టం. ఆపైన పెళ్లి.

ఆ పిల్లలో లోపం లేదు. ఆమె ఉరుకును ఇంటిచాకిరీ, కరువు, పెళ్లి మూడూ కలిసి ఆపాయి. గెలిచాక ఇచ్చే కోట్లు ఆమెకు అందవు. ఆమెకు కావలసింది సుగ్గి కాలంలో ఊళ్లోనే ఉండి చదువుకునే హాస్టలు, ఆడపిల్లలు నిర్భయంగా ఆడుకునే మైదానం, మరుగుదొడ్డి, ఆట నేర్పే టీచరమ్మ.

శ్రీచరణి మీద రేపు సినిమా రావచ్చు. వస్తే తప్పకుండా చూద్దాం. చూసి వచ్చాక మన ఊరి బడికి వెళ్లి, ఆడపిల్లలకు మైదానం ఏదని కూడా అడుగుదాం.