లారీ లీజుకు ఇచ్చేశాం.. ఇక మాకేం సంబంధం? యాక్సిడెంట్ అయితే పరిహారం ఎవరి మెడకు చుట్టుకుంటుందంటే..

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఒకటో రెండో లారీలున్న చిన్న ఓనర్లు సొంతంగా తిప్పుకోలేక లీజుకు ఇచ్చేయడం మామూలే. స్టాంపు పేపర్ మీద ఒప్పందం రాసుకుంటారు. ‘ఏ ప్రమాదం జరిగినా బాధ్యత లీజుదారుడిదే’ అని అందులో ఒక లైన్ పెట్టుకుని నిశ్చింతగా ఉంటారు. కానీ 216వ జాతీయ రహదారిపై ఆ లారీ ఎవరినైనా గుద్దితే? చనిపోయిన మనిషి కుటుంబం ఆ పేపర్ మీద సంతకం పెట్టలేదు కదా!

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే ఓనర్. అయితే లీజు, హైర్ పర్చేజ్, హైపోథికేషన్ ఉన్న బండికి మాత్రం, ఆ ఒప్పందం కింద బండి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఓనర్ అని సెక్షన్ 2 చెబుతోంది. ఈ రెండో ముక్క ఫైనాన్స్ కంపెనీలకు బాగా పనికొచ్చింది. గోదావరి ఫైనాన్స్ కేసులో, అప్పు ఇచ్చినంత మాత్రాన కంపెనీ పరిహారం కట్టక్కర్లేదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి ఆర్‌సీలో ఎక్కించకుండా నోటిమాట మీదో, స్టాంపు పేపర్ మీదో ఇచ్చిన లారీ సంగతి? ఇక్కడే చిక్కు. 2018లో నవీన్ కుమార్ కేసులో బండి అమ్మేసి, చేతులు మారిపోయినా, ఆర్‌సీలో పేరున్న వ్యక్తే బాధ్యుడని సుప్రీంకోర్టు చెప్పింది. అది లీజు కేసు కాదు, అమ్మకం కేసు. కానీ కోర్టు చెప్పిన కారణం లీజు ఓనర్లకూ తగులుతుంది. బండి ఎవరెవరి చేతులు మారిందో బాధితులు వెతుక్కుంటూ తిరగలేరు అన్నదే ఆ కారణం.

నిజానికి ఓనర్‌ని కాపాడేది ఒప్పందం కాదు, ఇన్సూరెన్స్. యూపీ ఆర్టీసీ అద్దె బస్సు కేసులో, బస్సు కార్పొరేషన్ చేతిలో ఉన్నా బీమా కంపెనీ కట్టాల్సిందేనని 2011లో తీర్పు వచ్చింది. అదే పాలసీ ల్యాప్స్ అయి ఉంటే? భారం ఓనర్ మీదే పడుతుంది. ట్రిబ్యునల్ వేసిన సొమ్ము కట్టకపోతే సెక్షన్ 174 కింద కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. అంటే లారీతో పోయేది కాదు, ఊళ్లో ఉన్న పొలం దాకా వస్తుంది. డ్రైవర్‌కు సరైన లైసెన్స్ లేకపోయినా తిప్పలే. చాలా కేసుల్లో బీమా కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత ఆ డబ్బు ఓనర్ నుంచి రాబట్టుకుంటుంది. లీజుదారుడు ఎవరిని స్టీరింగ్ ముందు కూర్చోబెడుతున్నాడో ఓనర్‌కు తెలియకపోవడం మామూలే, అయినా అలా తెలుసుకోకపోవడమే రేపు కోర్టులో అతని మీదకు రావచ్చు.

లీజుదారుడి నుంచి తర్వాత రాబట్టుకోవచ్చు కదా అంటారు. రాబట్టుకోవచ్చు, ఆ స్టాంపు పేపర్ పనికొచ్చేది అప్పుడే. అది వేరే కేసు, వేరే ఖర్చు. అప్పటికి ఆ మనిషి దగ్గర ఏమైనా మిగిలి ఉండాలి మరి.

బాధిత కుటుంబాలు మాత్రం ఆర్‌సీ ఓనర్, లీజుదారుడు, డ్రైవర్, బీమా కంపెనీ.. నలుగురినీ ప్రతివాదులుగా చేర్చడం మంచిది. ప్రమాదం ఎక్కడ జరిగినా, తాము ఉంటున్న ప్రాంతానికి సంబంధించిన ట్రిబ్యునల్‌లోనే పిటిషన్ వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనికి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ నిబంధనను సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు పిటిషన్లు వెళ్లాయి. అయినా వాటి మీద ఆశ పెట్టుకుని ఆగకుండా, ఎఫ్‌ఐఆర్ కాపీ, పాలసీ నంబర్ చేతికి రాగానే లాయర్‌ని కలవాలి.